రెండు కళ్ళ చిప్ప

సోమవారం... సూర్యుడు నడినెత్తి మీద నిప్పులు చెరగవలసిన వేళ! అయినా మన దీవుల్లో, నాందీ ఊరి ఆకాశంలో వెలుగు జాడ లేదు. సముద్రగర్భం నుంచి లేచిన తుఫాను మేఘాలు విరబోసిన జటల్లా కొండల మీదికి పాకుతున్నాయి. పగటివేళ కళ్ళు తెరవని గబ్బిలాలు మామిడితోపులు విడిచి, కీచుమంటూ చెరుకుచేల మీదుగా ఎగిరిపోతున్నాయి. ఎక్కడో ఒక గుడ్లగూబ... పట్టపగలు... ఒకే ఒక్కసారి కూసి ఊరుకుంది.

చెరుకుచేల చివర, వీర్‌సామి మాస్టరు రేకుల ఇంట్లో, కిటికీలన్నీ బిగించిన గదిలో ఒక ఆడమనిషి చాప మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోను. ఫోను తెర మీద పచ్చటి బల్ల, బల్ల చుట్టూ దూరదేశాల ఆటగాళ్ళ పేర్లు. అమెరికావాళ్ళకి అది ఆదివారం సాయంత్రం. వాళ్ళ పెద్ద పేకాట పోటీ మనకి ఎప్పుడూ సోమవారమే పడుతుంది. తెల్లవారి మొదలైన ఆ ఆట ఇప్పుడు చివరి బల్లకి చేరింది.

ఫోను వెలుతురు ఆమె ముఖం మీద పడుతోంది. కానీ ఆ ముఖంలో... ఏమీ లేదు! కళ్ళున్నాయి, ముక్కుంది, పెదవులున్నాయి. అయినా తడిగుడ్డతో పలక తుడిచేసినట్టు ఆ ముఖం మీద మనిషి జాడ లేదు.

ఆమె పేరు ప్రేమిలా. ఏడాది కిందట చూసినవాళ్ళెవరూ ఈ ముఖం ఆమెదంటే నమ్మరు. సముద్రం ఒడ్డు హోటల్లో వచ్చినవాళ్ళకి ఎదురెళ్ళి, చెవి వెనక మందారం పెట్టుకుని "బులా" అని పలకరించి నవ్వడమే ఆమె ఉద్యోగం. ఆ నవ్వు చూసి, గది బాగోలేదని గొడవకి వచ్చినవాడు కూడా నీళ్ళు నమిలి వెళ్ళిపోయేవాడు. భర్త చెరుకు లారీ బోల్తాపడి పోయాక ఆ నవ్వుతోనే కూతురు కృతిషాని సాకుతూ వచ్చింది. ఉన్నట్టుండి హోటలు చేతులు మారింది. కొత్త యజమాని పాతవాళ్ళందరినీ ఇంటికి పంపేశాడు.

ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషికి ఫోనులో పేకాట తగిలింది. మొదట డబ్బులేని ఉత్తుత్తి బల్లలు. అక్కడ కాలక్షేపం, తర్వాత చిల్లర బల్లలు, అక్కడ కన్నీళ్ళు. చేతికి రెండు ముక్కలిస్తారు, బల్ల మీద అయిదు పరుస్తారు, అన్నీ కలిపి మంచి జోడు ఎవరిదైతే వాళ్ళది పందెం. వినడానికి ఇంతే. ఆడబోతే మాయసభ.

బజారు వెనక రేకుల పందిట్లో మధ్యాహ్నాలు యాంగోనా వేరు రసం తాగుతూ కూర్చునేవాడు వీర్‌సామి మాస్టరు. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పినవాడు. వయసు డెబ్భై దాటిందని అందరికీ తెలుసు, ముఖం చూస్తే మాత్రం నలభై కూడా ఉండవు. ఆ వింత గురించి ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ప్రేమిలా ఫోను పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళింది.

"మాస్టారూ, రాజూ రాణీ రెండూ చేతికొచ్చినా పోయాను. ఇదేం ఆటండీ బాబూ."

"వచ్చిన ముక్కనల్లా పెళ్ళాడేస్తే పోవా మరి? వచ్చినవాటిల్లో చాలామటుకు పారెయ్యాలమ్మాయ్."

"పారెయ్యడానికి ఆడ్డమెందుకు?"

"పారెయ్యడమే ఆట. మిగతాదంతా ఎదటోడి తొందర."

చెప్పడం మాత్రం బాగానే చెప్పాడు. అందరికంటే చివర మాట్లాడే చోటు వచ్చినప్పుడు ధైర్యం చెయ్యి, మొదట మాట్లాడవలసినప్పుడు నోరు మూసుకో. సంచీలో ఉన్నదంతా ఒకే బల్ల మీదికి తీసుకెళ్ళకు. కోపం వచ్చిందా, ఫోను కట్టేసి గిన్నెలు తోముకో. ప్రేమిలా చెప్పినట్టే చేసింది. చిల్లర బల్ల దాటి చిన్న బల్లకి, చిన్న బల్ల దాటి నడిమి బల్లకి ఎక్కింది. కృతిషాకి బడిబూట్లు వచ్చాయి. పక్కింటి సలోతే బుబు పాత కొట్టానికి కొత్త రేకులు కూడా వేయించింది. బుబు అంటే మన దగ్గర నాయనమ్మ వరసన్నమాట. ఆ ముసలమ్మ కృతిషాకి కన్నతల్లి తర్వాత తల్లి.

అంతలో ముక్కలు తిరగబడ్డాయి. వారాల తరబడి మంచి ముక్క వచ్చిన ప్రతిసారీ ఎదటివాడికి అంతకంటే మంచిది పడింది. నేర్చుకున్నదేదీ పనిచేయలేదు. పాలిపోయిన ముఖంతో ఆమె మాస్టరింటికి వెళ్ళిన సాయంత్రం ఆకాశం నెత్తుటి రంగులో ఉంది...

గది మధ్యన నాలుగు కాళ్ళ కొయ్యగిన్నెలో యాంగోనా. చుట్టూ ఒక్క మనిషి లేడు! వేరు నూరి నీళ్ళలో పిసికిన ఆ మట్టిరంగు రసాన్ని మన దీవుల్లో ఎవరూ ఒంటరిగా తాగరు. ఒంటరిగా తాగేవాడు ఎవరితో కలిసి తాగుతున్నాడో అడగకూడదంటారు.

మాస్టరు నల్లగా నిగనిగలాడే చిప్పతో రసం ముంచి ఆమెకి అందించాడు.

"ఆ ఆటలో నీ మొహం ఎవడికైనా కనబడుద్దా?" అన్నాడు మెల్లగా.

"లేదు కదా. పేరే కనబడుద్ది."

"మరి వాడని సామాను అట్టే పెట్టుకోడమెందుకు? అడిగేవాళ్ళున్నారు. ఇచ్చేస్తావా?"

ప్రేమిలాకి నవ్వొచ్చింది. చేతిలో చిప్ప ఉందన్న సంగతే మరిచిపోయింది.

"హోటలోడికే అక్కర్లేకపోయింది ఈ మొహం. కావాలన్నోళ్ళని తీసుకోమనండి మాస్టారూ" అని గటగటా తాగేసింది.

యాంగోనా చిప్ప చేత పట్టుకుని అన్న మాట వేళాకోళమైనా ఒట్టే! చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. పైగా తాగినవాళ్ళ కోసం చుట్టూ ఉన్నవాళ్ళు దోసిళ్ళు గుల్లచేసి మూడు చప్పట్లు కొట్టి "మదా" అనాలి. ఖాళీ అయింది, ముగిసింది అని. మాస్టరు చేతులు కదల్లేదు. గది మూలనున్న చీకటి మాత్రం ఒకసారి మెదిలింది...

మర్నాటి నుంచి ఆమె చెవిలో తడిగా ఒక ఊపిరి! బల్ల దగ్గర కూర్చోగానే ఎదటివాళ్ళ ముక్కలు ఒక్కొక్కటే చెప్పేది. ఇస్పేటు జాకీ... ఆఠీను తొమ్మిది... వీడి దగ్గర ఏమీ లేదు, తొక్కెయ్... ప్రేమిలా బల్ల తర్వాత బల్ల ఎక్కిపోయింది. ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఆమె ముఖంలోంచి ఒకటి రాలిపోయింది. ముందు నవ్వు. కృతిషా కోతిచేష్టలు చేస్తే నవ్వబోయింది, పెదవులు లేవలేదు. తర్వాత ఏడుపు. భర్త తద్దినం నాడు కళ్ళు పొడిగా ఉండిపోయాయి. తర్వాత ఒక పొద్దున ఫోనును ముఖానికి ఎదురుగా పెడితే తాళం తెరుచుకోలేదు.

ముఖం గుర్తుపట్టలేకపోతున్నాను, అని తెర మీద అక్షరాలు.

బొట్టు తీసి పెట్టింది, జుట్టు దువ్వుకుని పెట్టింది, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టింది. అవే అక్షరాలు! అద్దంలో చూసుకుంటే ఆవిరి పట్టినట్టు ఉంది. చేత్తో తుడిచింది. ఆవిరి అద్దం మీద లేదు...

ఆ ఆదివారం సాయంత్రం కృతిషా బుబు కొట్టంలోకి పరిగెత్తి చాప చుట్టలో దాక్కుంది.

"అమ్మ గొంతుతో మాట్లాడతాంది బుబూ. అమ్మ కాదు."

వెనకాలే వచ్చింది ప్రేమిలా. బుబు పొయ్యి మీద కొబ్బరిపాలలో చేమాకు ఉడుకుతోంది. గరిటె పట్టుకునే ఎగాదిగా చూసింది ముసలామె.

"ఏమేవ్, ఎవరే నీ మొహానికి ఇస్త్రీ చేసింది? గంజి కూడా పెట్టినట్టున్నారు."

ప్రేమిలా నవ్వలేదు. ఆమె నోట్లోంచి మగగొంతు ఒకటి, బావిలోంచి వచ్చినట్టు, బుసకొడుతూ వచ్చింది.

"ఈ మొహం నాది... సోమవారంతో పూర్తిగా నాది..."

పొయ్యిలో మంట నీలంగా మారింది. రేకుల మీద ఏవో గోళ్ళు గీకిన చప్పుడు! బుబు గరిటె కింద పెట్టి, పొయ్యిలోంచి బూడిద తీసి ప్రేమిలా నుదుటికి గట్టిగా రాసింది. ఆమె ఒళ్ళు విరుచుకుని కూలబడింది. కాసేపటికి సొంత గొంతు వచ్చింది, బలహీనంగా. జరిగిందంతా, మర్నాటి పెద్ద పోటీ సంగతితో సహా, చెప్పింది.

"చప్పట్లు కొట్టాడా వాడు?" అంది బుబు.

"లేదు బుబూ."

"ఆ చిప్ప బోర్లించినప్పుడు చూశావా? అడుగున కళ్ళెన్ని?"

ప్రేమిలా గుర్తు చేసుకుంది. మాస్టరు గోడవారగా బోర్లించిన చిప్ప... మైనంతో పూడ్చిన గుంటలు...

"రెండు."

"కొబ్బరికి మూడు కళ్ళుంటాయే పిచ్చిదానా. రెండు కళ్ళది మనిషి తల."

ఎక్కడో ఉరుము దొర్లింది. బుబు పొయ్యిలో కట్టె ఒకటి లోపలికి ఎగదోసింది.

"చప్పట్లు పడని చిప్ప ముగిసినట్టు కాదు. వాడలా ముగియని చిప్పలే పోసి ఎన్నేళ్ళ నుంచో తెవోరో దయ్యాన్ని మేపుతున్నాడు. ఇచ్చినోళ్ళ మొహాలు దానికి, వాటి పడుచుదనం పొరలు పొరలుగా వాడి మొహానికి. అందుకే ముసలాడు అలా నిగనిగలాడతాడు. సోమవారం నువ్వు గెలిచావంటే అమ్మకం ఖాయమైనట్టే. నీ కూతురు కూడా ఇంక నిన్ను గుర్తుపట్టదు."

"ఏం చెయ్యమంటావు?"

"వాడు తాగిన చిప్పకి చప్పట్లు పడితే దయ్యం బాకీ వాడే తీర్చాలి, ఆ చప్పట్లు నా వంతు. ఏది గెలవడానికి మొహం ఇచ్చావో అది నీ చేత్తో వదిలెయ్యడం నీ వంతు. అది నేను చెయ్యలేను తల్లీ."

సోమవారం కదలొద్దని, తన పక్కనే కూర్చోమని చెప్పి పడుకోబెట్టింది. కానీ తెల్లవారేసరికి చాప ఖాళీ! తనకు తెలియకుండానే ప్రేమిలా కాళ్ళు ఆమెను చెరుకుచేలలోంచి ఈడ్చుకుపోయాయి...

అదిగో, అందుకే ఆ మిట్టమధ్యాహ్నపు చీకట్లో ఆమె మాస్టరు గదిలో ఉంది.

ప్రచండవాయువు రేకుల్ని ఊపేస్తోంది. చివరి బల్ల మీద ఇద్దరే మిగిలారు, ప్రేమిలా, ఎవరో పరదేశి. ముక్కలు పంచారు. ఆమె చేతికి ఇస్పేటు ఆసు... ఆఠీను ఆసు! ఏ ఆటగాడైనా జీవితమంతా కలలుగనే జోడు. అవతలివాడు ఉన్నదంతా పందెంలోకి తోసేశాడు.

'వాడి దగ్గర ఏమీ లేదు' అంది చెవిలో ఊపిరి. 'నొక్కు...'

"నొక్కు తల్లీ" అన్నాడు మాస్టరు. ఆయన బుగ్గలు పసిపిల్లవాడి బుగ్గల్లా మెరుస్తున్నాయి. "కృతిషా పెళ్ళిదాకా తిరిగి చూసుకోనక్కర్లేదు. ఇల్లు నీదే, వాకిలి నీదే."

నిజమే. ఆ ఒక్క నొక్కుతో ఇల్లు సొంతమవుతుంది. ప్రేమిలా లోలోపల ఎక్కడో, బావి అడుగున ఉన్న మనిషిలా, పైకి రావాలని కొట్టుకుంటోంది. వేలు మాత్రం తనది కాదు. అది తెర మీదికి వాలుతోంది... వాలుతోంది...

మాస్టరు కపాలం నిండా రసం ముంచి మూలనున్న చీకటికి చూపించాడు. కర్ణకఠోరమైన మంత్రమేదో గొణిగి ఒంటరిగా, గుక్క తిప్పకుండా తాగేశాడు.

తలుపు ఫెళ్ళున తెరుచుకుంది! గుమ్మంలో తడిసి ముద్దయిన సలోతే బుబు, ఆమె పూలగౌను పట్టుకుని కృతిషా. బుబు గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. దోసిళ్ళు గుల్లచేసింది.

ఒక చప్పట.

కపాలం మాస్టరు చేతిలో చిట్లింది.

రెండో చప్పట.

"వద్దు" అన్నాడు మాస్టరు. "బుబూ, నీ కాళ్ళు పట్టుకుంటాను. కొట్టకు."

"మర్యాద తెలిసినదాన్నయ్యా" అంది బుబు. "ఎదటోడు తాగితే చప్పట్లు కొట్టకుండా ఎలాగ?"

మూడో చప్పట.

"మదా."

చెవిలో ఊపిరి తెగిపోయింది! చీకటి మూల నుంచి వికృతమైన ఘోష లేచింది. ఆ ఒక్క క్షణం ప్రేమిలా వేలు ప్రేమిలాదైంది. తెర మీద రెండు ఆసులు ధగధగలాడుతున్నాయి. గుమ్మం దగ్గర కూతురు తన ముఖంలో ఎవరి కోసమో వెతుకుతోంది.

పారెయ్యడమే ఆట.

ప్రేమిలా వదిలెయ్ అన్నచోట నొక్కింది. రెండు ఆసులూ తిరగబడి మాయమయ్యాయి. ఆట అక్కడికి వదిలేసి ఫోను బోర్లా పెట్టేసింది.

అప్పుడు చూడాలి! ముగిసిన చిప్పకి కూలి అడగడానికి వచ్చింది తెవోరో. మాస్టరు ముఖం మీంచి ఉల్లిపొరలా ఒక ముఖం ఊడింది, ఎవరో కుర్రవాడిది. దాని కింద ఒక నడివయసు స్త్రీది. దాని కింద ఇంకొకటి... ఇంకొకటి... ఊడిన ప్రతి ముఖం ఒక నిట్టూర్పు విడిచి గాలిలో కలిసిపోయింది. చివరికి ఆయన సొంత ముడతల ముఖం బయటపడింది. అది కూడా ఆగలేదు... ఆయన రెండు చేతులతో దాన్ని పట్టుకోబోయాడు. వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది! అరవడానికి నోరు లేదు. ఇంటి కప్పు ఒక్క ఊపున లేచిపోయింది. చీకటి స్తంభంలా దిగి, ఆ ఆకారాన్ని చుట్టుకుని, ఆకాశంలోకి పీల్చేసుకుంది.

బుబు పిల్లనీ తల్లినీ తన గౌను కింద కుక్కుకుని గోడవార కూర్చుండిపోయింది.

తుఫాను వెలిశాక కూలిన గోడల మధ్య మాస్టరు ఆనవాలుగా ఆయన ఫోను ఒక్కటే దొరికింది. చేత్తో ఎత్తగానే తెర వెలిగింది. ముఖం కనబడటం లేదు. మళ్ళీ ప్రయత్నించండి... మళ్ళీ ప్రయత్నించండి... ఎవరూ తాకకపోయినా ఆ రోజంతా అది వెలుగుతూ ఆరుతూనే ఉంది, కనబడని వాడెవడో దాని ముందు వంగి వంగి చూస్తున్నట్టు.

ప్రేమిలా తన ఫోను తీసి ముఖానికి ఎదురుగా పెట్టుకుంది. ఏమీ కాలేదు. మళ్ళీ పెట్టింది. అంతలో ఎక్కడి నుంచి వచ్చిందో ఏడుపు, ముక్కు కారుతూ, నోరు వంకర్లు పోతూ వచ్చేసింది. టిక్కుమని తాళం తెరుచుకుంది.

"అమ్మా, నీ మొహం అస్సలు బాలేదు" అంది కృతిషా, మెడ చుట్టూ చేతులు వేసి.

ఆ పూట బుబు కొట్టంలో యాంగోనా కలిపారు. చుట్టుపక్కలవాళ్ళంతా వచ్చారు. చిప్ప తనదాకా వచ్చేసరికి ప్రేమిలా దాన్ని పైకెత్తి అడుగు చూసింది. వేలుపెట్టి తడిమింది. ఒకటి, రెండు, మూడు.

"ఏమంటావే?" అంది బుబు.

ప్రేమిలా చిప్ప చేతిలో ఉన్నంతసేపు పెదవి విప్పలేదు. తాగి, ఖాళీ చిప్ప అందరికీ చూపించాకే నవ్వింది. కొట్టమంతా ఒక్కసారి చప్పట్లు మోగాయి.

"మదా."