లామింగ్టన్లు తేని కుర్రాడు

హ్యువాన్ నది ఒడ్డున మా వడ్రంగి షెడ్డుకి ఒకటే చట్టం. లేత్ మర మీద కర్ర తిరుగుతుండగా ఎవరి ఉలి ఇరుక్కుని కర్రని చీలుస్తుందో, వాళ్లు గంట కొట్టి, పై శనివారం అందరికీ లామింగ్టన్ కేకులు తేవాలి. ఆ పాపంలో నూటికి తొంభై పాళ్లు ఏటవాలు ఉలిదే. నేను తెచ్చినవి వరసగా పేరిస్తే హోబార్ట్ నగరం దాకా చేరతాయి.

బైరన్ మాత్రం ఆరు నెలలుగా ఒక్క కేకూ తేలేదు. వాడి కుర్చీకాళ్లు అద్దంలా ఉండేవి. “చెయ్యంటే అదీ,” అని మురిసిపోయిన మా షెడ్డు పెద్ద క్లెమ్ తాత, ఒక శనివారం పొద్దున, ఆ సాయంత్రం ఊరి సంతలో ఏటవాలు ఉలి పనితనం చూపించమని వాడికీ, తన మనవరాలు టెగన్‌కీ అప్పగించాడు.

టెగన్ అంటే వాడికి ప్రాణం. ఉలి అంటే ప్రాణభయం. ఆ పేరెత్తితేనే ఉలిక్కిపడేవాడు; మేమే పట్టించుకోలేదు. లేత్ ముందు లేత మనసు మరి.

బయట వాన. సంతకి ముందు సాధనకని బైరన్ అరచేతి వెడల్పు ఉలితో దిగాడు.

“ఏంటది, గడ్డపారా?” అంది టెగన్. “మన బుల్లి లేత్‌కి అర అంగుళంది చాలు. ఇది స్తంభాలకి.”

“పెద్దదైతే ధైర్యంగా ఉంటుందని...”

“ఎవరికి, ఉలికా?”

వాడి చెవులు ఎర్రబడ్డాయి. అక్కణ్ణుంచి చెక్కేస్తాడనుకున్నాను. తిన్నగా వెళ్లి గంట కొట్టాడు.

“కర్రేం చీలలేదు కదరా,” అన్నాన్నేను.

“ఆర్నెల్ల కిందే కొట్టాల్సిన గంటండీ. ఏటవాలు ఉలి నేనెప్పుడూ వాడలేదు. వేరే ఉలితో గరుగ్గా చెక్కి, ఇంటికెళ్లి ఉప్పుకాగితంతో రుద్దుకొచ్చేవాణ్ణి.”

క్లెమ్ తాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“నాకు తెలుసు,” అంది టెగన్. “శనివారం శనివారం నీ కనుబొమల్లో ఆ పొడి. నువ్వే చెప్తావని చూస్తున్నా. ఇవాళ కూడా దాచుంటే, నీతో మళ్లీ మాట్లాడేదాన్ని కాదు.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు ఇలా రా.”

సన్న ఉలి వాడి చేతిలో పెట్టి, పైన తన చెయ్యి వేసింది.

“ముందు ఉలి చెంప, ఆ సానపట్టిన వాలు, కర్రకి ఆనించు. పైకొన తగిలిందో, కేకులే. అంచు కింది సగంతోనే కొయ్యాలి. పిడి మెల్లగా లేపు.”

“నీ చెయ్యి వణుకుతోంది.”

“అది నీదే, మొద్దూ.”

చెక్కపొట్టు రిబ్బనులా లేచి ఆమె మోచేతి మీద వాలింది. కర్ర చెక్కు చెదరలేదు. ఆరు నెలలు బిగబట్టిన ఊపిరి బైరన్ ఒక్కసారిగా వదిలాడు.

క్లెమ్ తాత కళ్లద్దాలు పెట్టుకున్నాడు. “సంతలో అమ్మాయి కోస్తుంది. నువ్వు పక్కన నిలబడి, ఎక్కడ భయమేస్తుందో చెప్పు. నేర్చుకునేవాళ్లకి అదీ కావాలి.”

“అలాగేనండీ. కేకులు వచ్చే శనివారం...”

“ఇక్కడికెందుకు, మా ఇంటికే తే. టెగన్ నాయనమ్మ టీ పెడుతుంది.”

“మరి మాకో?” అన్నాను.

ఎవరూ వినిపించుకోలేదు.