పచ్చబడ్డ కళ్ళు

పొద్దున్నే పిల్లకు గుడ్డ మారుస్తూ కోడలు ఆగిపోయింది. రెండు నెలల పసిదాని మలం ఈరోజు కూడా తడిసిన సుద్దలా తెల్లగా ఉంది. తెల్లగా ఉండాల్సిన కళ్ళేమో పచ్చగా ఉన్నాయి.

"అత్తయ్యా, ఒక్కసారి ఇటు చూడండి."

"చూసేదేముంది? బంగారు ఛాయ, మా పుట్టింటి పోలిక. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే నీకే కంటగింపుగా ఉంది."

"ఇది ఛాయ కాదు, కామెర్లు."

"పసిపిల్లలకు వస్తాయి, పోతాయి. ఎండలో పడుకోబెట్టు."

"పుట్టినప్పటి నుంచి పడుకోబెడుతూనే ఉన్నాను. తగ్గిందా?"

బస్సు డ్రైవరైన భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ విసుక్కున్నాడు. "మా అమ్మ ముగ్గురిని పెంచింది. నువ్వు నిన్నగాక మొన్న తల్లివయ్యావు."

"ఆ ముగ్గురిలో ఒకరికి బుద్ధి పెరగలేదు."

ఆమె ఆ గుడ్డ ఉతకలేదు. అలాగే సంచిలో చుట్టి, పిల్లను భుజాన వేసుకుని గడప దాటింది. భర్త తిట్టుకుంటూ వెనకే నడిచాడు. డాక్టరు చేతనే కోడలికి చీవాట్లు పెట్టిద్దామని అత్త కూడా బయలుదేరింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట ఆ గుడ్డ విప్పి చూసింది. పిల్ల కుడి డొక్క కింద వేళ్ళతో నొక్కింది. వెంటనే స్కానింగ్‌కు పంపింది. రిపోర్టు రాగానే చెప్పింది.

"కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టం పుట్టుకతోనే తిత్తిలా ఉబ్బింది. రసం పేగులోకి దిగడం లేదు. అందుకే మలానికి రంగు లేదు. ఆపరేషన్ చేసి తిత్తి తీసేయాలి, పేగును తెచ్చి పైన మిగిలిన గొట్టానికి కలపాలి. ఇంకా ఆలస్యమైతే కాలేయం గట్టిపడిపోయేది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

వరండాలోకి రాగానే అత్త గొణిగింది. "నాకేం తెలుసు? చదువుకున్నదాన్నా?"

"తెలియకపోవడం తప్పు కాదు. నేను చెప్తుంటే నోరు మూయించారు, అదే తప్పు. నా బిడ్డ లోపల చెడిపోతుంటే మీరు రంగు చూసి మురిసిపోయారు!" కోడలు భర్త వైపు తిరిగింది. "బస్సులో చిన్న చప్పుడొస్తే ఆపి చూస్తారు. కన్నతల్లి మొత్తుకుంటే వినబడలేదా?"

అతను నర్సు తెచ్చిన ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం అందుకున్నాడు. గోడకు ఆనించి సంతకం పెట్టాడు.

ఆపరేషన్ జరిగింది. పిల్ల బతికింది. కొన్నాళ్ళకు ఒంట్లో పసుపు తగ్గడం మొదలైంది.

అత్త రోజూ వచ్చి వార్డు బయట బల్ల మీద కూర్చుని వెళ్ళిపోయేది. ఒకరోజు తలుపు దాకా వచ్చింది.

"లోపలికి రానా అమ్మా?"

ఏదైనా ఒకరిని అడిగి చేసే మనిషి కాదు ఆమె. కోడలు వంగి పిల్ల దుప్పటి సర్దింది. మళ్ళీ సర్దింది.

"చేతులు కడుక్కుని రండి."

అత్త కళ్ళు తుడుచుకుంటూ పంపు వైపు నడిచింది.