రెండో బ్రేకు

ఆదివారం పొద్దున కాఫీ కప్పులు తీయకముందే భోజనాల బల్ల మీద సముద్రం పరుచుకుంది. కూతురు అట్టముక్కలు అతికించి తయారుచేసిన నీలం సముద్రం, దాని మీద గోరంత చెక్క పడవలు. తల్లి పక్కనే కూర్చున్న తండ్రి ఒక పడవను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఏ బండి కనిపించినా తిప్పి చూడకుండా వదలడు. నేర్చుకునేవాళ్ళు చాటుగా ఆయన్ని బ్రేకు మాస్టారంటారు. స్కూలు కారులో ఆయన కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఉంటుంది. అవతలివాడు తొక్కేలోపే ఆయన తొక్కేస్తాడు.

"పాచికలేవమ్మా?"

"లేవు నాన్నా. పడిన అంకె ప్రకారం నడిస్తే మనం ఆలోచించేదేముంది? ఇప్పటి ఆటలు చాలావాటిలో ఏ కార్డు వెయ్యాలో మనమే తేల్చుకోవాలి."

"మరి ఓడినవాడు? మా చిన్నప్పుడు ఓడినవాడు లేచిపోయి గోడకి చేరగిలబడేవాడు."

"అదే మారింది. మధ్యలో ఎవర్నీ లేపెయ్యరు. ఇందులోనైతే మీరిద్దరూ ఒకే జట్టు. పోటీ తుఫానుతో. ప్రతి వంతుకీ ఒక తుఫాను కార్డు తీయాలి. పడవలన్నీ ఒడ్డుకొస్తే ఇద్దరూ గెలిచినట్టు. ఒక్కటి మునిగినా ఇద్దరూ ఓడినట్టు."

ఇదేం ఆటని ఆయన ముక్కున వేలేసుకున్నాడు గానీ, కళ్ళు మాత్రం బల్ల మీంచి కదల్లేదు.

ఈ ఆట కోసమే అమ్మాయి బ్యాంకు ఉద్యోగానికి సెలవు పెట్టింది. ఆటలు అచ్చువేసే కంపెనీ ఒకటి చూసి, బాగుంది గానీ లోపముందంది. ఎంతమంది కూర్చున్నా ఒక్కరే ఆడేస్తున్నారట, మిగతావాళ్ళు ఆ ఒక్కరు చెప్పినట్టు జరుపుతున్నారట. రేపు మళ్ళీ చూపించాలి. "ఇల్లలకగానే పండగ కాదు. రేపు కాదంటే మారుమాట్లాడకుండా బ్యాంకుకి వెళ్ళాలి" అని తండ్రి తేల్చేశాడు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆటని పరీక్షించేటప్పుడు దాన్ని తయారుచేసినవాళ్ళు నోరు విప్పకూడదని ఒక పద్ధతి. ఆడేవాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూడాలంతే. అమ్మాయి చేతులు కట్టుకుని కూర్చుంది. తండ్రి నిబంధనల కాగితం ఒకసారి చదివి, తల్లి చేతిలోని కార్డులు తన వైపు తిప్పుకున్నాడు.

"అది వద్దు, ఇది వెయ్యి. ఎర్ర పడవ ఇటు జరుపు. అటు కాదు, ఇటు."

తల్లి వేసింది, జరిపింది. పడవలన్నీ ఒడ్డుకి చేరాయి. ఆయన మీసం దువ్వుకుని, "లోపమా ఇందులో? బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

"నీకెలా ఉందమ్మా?"

"నాకేం తెలుసే? ఆడింది మీ నాన్న."

అమ్మాయి ముఖం వాడిపోయింది. కంపెనీవాళ్ళు చెప్పిన మాటే అది.

"నేను చెప్పకపోతే మునిగేవాళ్ళం" అన్నాడాయన, గొంతు పెంచి.

"మునిగితే మునిగేవాళ్ళం." తల్లి కార్డులు బల్ల మీద పెట్టేసింది. "ఊరందరికీ కారు నేర్పారు. నాకూ నేర్పుతానని కూర్చోబెట్టారు. మీ కాలు మాత్రం బ్రేకు మీంచి తియ్యలేదు. నాకు బండి నడపడం వచ్చో రాదో ఇప్పటికీ నాకే తెలీదు. దీని ఉద్యోగం సంగతీ అంతే. మీరే తేల్చేశారు. నన్నొక్క మాట అడిగారా?"

ఆమె గొంతు పెంచనైనా లేదు. ఇన్నేళ్ళూ ఆమె తన పక్కనే కూర్చుని ఆడుతోందనుకున్నాడు. గోడకి చేరగిలబడి చూస్తోందని ఇప్పుడు తెలిసింది. ఆయనకి సిగ్గేసింది.

పడవల్ని మళ్ళీ మొదటి చోట పేర్చాడు. "అమ్మలూ, ఎవరి కార్డులు వాళ్ళే చూసుకోవాలని పెట్టు. ఆడుతున్నంతసేపూ నోరు మూసుకోవాలని పెట్టు. నాలాంటివాళ్ళు ఇంటికొకరుంటారు."

"అలాంటి ఆటలూ వస్తున్నాయి నాన్నా. మాటలు లేకపోతే సరదా పోతుందని భయపడ్డాను." అమ్మాయి తుఫాను కార్డుల కట్టని దగ్గరికి లాక్కుంది. "పోనీ, తుఫాను కార్డు తీసేముందు ఒక్కొక్కరు ఒక్క మాట అనొచ్చు. అంతే."

మళ్ళీ మొదలుపెట్టారు. మాట్లాడక ఆయనకి కడుపు ఉబ్బిపోతోంది. తల్లి ఎర్ర పడవని వదిలేసి పచ్చదాన్ని జరిపింది. బల్ల కింద ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. మాట అనే వంతు వచ్చినప్పుడు మాత్రం "నీ ఇష్టం" అన్నాడు. అవి రెండు మాటలని అమ్మాయి గుర్తుచేయలేదు.

ఎర్ర పడవ ఒడ్డుకి జానెడు దూరంలో మునిగింది. ఇద్దరూ ఓడారు.

తల్లి పకపకా నవ్వింది. "తప్పు నాదే. ఈసారి పచ్చదాన్ని ఆపి చూస్తాను. ఏదీ, మళ్ళీ పేర్చండి."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఓడినవాళ్ళు మళ్ళీ పేర్చమన్నారంటే ఆట కుదిరినట్టే.

తండ్రి పడవలు పేరుస్తూ, తలెత్తకుండా అడిగాడు. "రేపు వాళ్ళు కాదంటే అమ్మాయి ఏం చేయాలంటావు?"

"ఇంకో కంపెనీకి చూపించాలి" అంది తల్లి.

ఆయన కాలు అలవాటుగా నేలని తొక్కబోయింది. దాన్ని వెనక్కి లాక్కుని కుర్చీ కింద పెట్టుకున్నాడు.