వాగు పక్కన పోసిన ఇల్లు

చలి ముదరకముందే చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. వాకిట్లో కుప్పపడ్డ, కూల్చిన పాత ఇంటి గోడల మట్టి, రాళ్లు ఎత్తించాలి. పగిలిన పెంకులు, సిమెంటు రేకుల ముక్కలు తీసేయాలి. వెనక గదికి గచ్చు చేయించి తలుపులు బిగించాలి. ఆ గదిలోకి, రేకుల షెడ్డులో దగ్గుతూ పడుకుంటున్న యాదయ్యను మార్చాలి.

తండ్రి కోసమే కృష్ణకాంత్ అన్నిటినీ తొందరపెట్టాడు. అతను కల్వకుర్తిలో ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాడు. దసరా సెలవులు అయిపోవచ్చాయి. ట్రాక్టర్ నడిపే మల్లేశ్‌కు ఫోన్ చేసి, "ఏడన్న గుంత సూసి పొయ్యి మల్లేశా. పొద్దుగూకేవరకు వాకిలి ఖాళీ కావాలె," అన్నాడు.

"మున్సిపాలిటోళ్లు జాగా సూపిచ్చిండ్రు గదా," అంది అతని భార్య స్వరూప. "రాళ్లేమో పునాది నింపుకోను పక్కింటి పుష్పక్క అడిగింది."

"అన్నీ ఏరుకుంట కూసుంటే బాపు చలికి ఆగుతడా?"

సాయంత్రానికి మల్లేశ్ వాకిలి ఖాళీ చేశాడు.

మరునాడు పొద్దున అతని తల్లి ఉప్పలమ్మ బర్రెకు గడ్డి కోసుకొస్తానని వాగు వైపు వెళ్లింది. స్వరూప చాయ్ గ్లాసుల్లో పోసేసరికే ఖాళీ గంపతో తిరిగొచ్చి గడప మీద కూలబడింది.

"గడ్డేదత్తమ్మా? ఇయ్యాల బర్రె నన్ను తింటది," అని నవ్వబోయిన స్వరూప, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

"మన మట్టి ఏడ పోయించినవురా కాంతూ?"

"వాగు పక్కన గుంతలనట. ఏమైందే అమ్మా?"

"తుమ్మచెట్టు కాడ పోసిండు. రాళ్లు, రేకులు, అన్నీ ఆడనే."

"పోస్తే ఏంది? ఊరంత ఆడనే పోస్తాంది. ఆ జాగా ఎవలదన్న ఉన్నదా?"

"మీ అక్కది."

కృష్ణకాంత్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నాకు అక్కేందమ్మా?"

షెడ్డులోంచి యాదయ్య, "ఊకోయే," అన్నాడు.

"ఇన్నేండ్లు ఊకున్న. ఇంకెన్నొద్దులు ఊకోవాలె?"

కృష్ణకాంత్ కన్నా ముందు ఓ ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టకముందే పోయింది. పసిగుడ్లను కాల్చరు, పూడ్చిపెడతారు. పూడ్చేటప్పుడు ఆడవాళ్లు వెళ్లరు. యాదయ్యే గుడ్డలో చుట్టి తీసుకెళ్లి, తుమ్మచెట్టు కింద పూడ్చి ఓ నల్లరాయి పెట్టి వచ్చి, ఆ గుర్తు భార్యకు చెప్పాడు. ఆ తరువాత కొడుకు పుట్టాడు. పోయినదాని మాట ఇంట్లో తీస్తే ఉన్నవాడికి మంచిది కాదని పెద్దలు అన్నారు. ఉప్పలమ్మ ఆ మాట తీయలేదు. ఏటా పండుగ మొదటిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు మాత్రం తంగేడు పూలకని బయలుదేరి, గుప్పెడు పూలు ఆ రాయి మీద వేసి వచ్చేది.

"నాకు చెప్పుంటే పోయిస్తుంటినా?" కృష్ణకాంత్ గొంతు పెరిగింది. "నేనేమన్న నా కోసం చేసిన్నా? బాపు కోసమే గదా!"

"నీకేమన్న అయితదని దాన్ని దాచిపెట్టిన బిడ్డా. నువ్వు దాని మీద మన ఇల్లే తెచ్చి పోసినవు."

అతను భార్య వైపు చూశాడు, తన పక్షాన మాట్లాడుతుందేమోనని.

"మామయ్య కోసమే," అంది స్వరూప మెల్లగా. "కని మన వాకిలి సాఫ్ జేసుకోను ఇంకో జాగా ఖరాబ్ చేసినం. ఆడ ఎవ్వలు లేరనుకున్నం."

మల్లేశ్ సంగతి విని పరుగున వచ్చాడు. "జేసీబీ తెస్త పెద్దమ్మా, గంటల లేపేస్తది."

"వద్దు. దాని ఇనుప పండ్లు నేలను గీకుతయి. చేతులతోనే తియ్యాలె."

కృష్ణకాంత్ బడికి సెలవు పెట్టాడు. అతను, తల్లి, భార్య ముగ్గురూ గంపలతో ఎత్తారు. రాళ్లు పుష్ప ఇంటి పునాదిలోకి వెళ్లాయి. మట్టి, పెంకులు గల్లీలోని గుంతలు నింపాయి. రేకుల ముక్కలను దుమ్ము లేవకుండా తడిపి, సంచుల్లో కట్టి మున్సిపాలిటీ చూపిన చోటికి పంపారు. ఈలోగా గచ్చు పని ఆగిపోయింది, చలి వచ్చేసింది. యాదయ్య రెండు గొంగళ్లు కప్పుకొని షెడ్డులోనే పడుకున్నాడు. గది ఎప్పుడని ఒక్కసారీ అడగలేదు.

నేల కనబడిన రోజు యాదయ్య కర్ర పట్టుకొని వచ్చాడు. తుమ్మచెట్టు కింద నల్లరాళ్లు చాలానే మిగిలాయి. వాళ్ల పాత ఇంటి గోడలు కూడా ఈ వాగు రాళ్లతో కట్టినవే. ట్రాలీ దొర్లించినప్పుడు ఏ రాయి ఎటు పోయిందో!

"గిదేనా... కాదు, గది గావచ్చు." యాదయ్య ఒక్కో రాయినీ తడిమాడు. "పుష్పోళ్ల పునాదిల పడ్డదో ఏమో. తెలుస్తలేదే!" అని భార్య ముందు బావురుమన్నాడు. ఆనాడు పూడ్చి వచ్చి కూడా అతను ఏడవలేదు.

ఉప్పలమ్మ కొంగుతో అతని ముఖం తుడిచింది. "రాయి పోతే పోనియ్యి. నేల గిదే గదా."

కృష్ణకాంత్ ఆ నేల మీద కూర్చుని రెండు చేతులూ ఆనించాడు. "అక్కా," అన్నాడు. ఎవరినీ ఎన్నడూ అలా పిలిచి ఎరగడు. తల్లి వచ్చి అతని పక్కన కూర్చుంది.

మన ఊళ్లన్నిట్లో ఇప్పుడు పాత ఇళ్లు విప్పుతున్నారు. మీ వాకిట్లో మట్టి ట్రాక్టరెక్కే ముందు, పేరైనా పెట్టకముందే వెళ్లిపోయిన ఉప్పలమ్మ పెద్దబిడ్డను ఒక్కసారి తలచుకోండి.