చేటల దగ్గరికి రాని మనిషి

మూడో రోజు కూడా మిల్లులో భర్తకు పంపిన క్యారియరు మూత తీయకుండానే ఇంటికి తిరిగి వచ్చింది! తెల్లవారకముందే లేచి చేసిన సంగటి, ఊరిబిండి పచ్చడి, వంకాయ కూర... అన్నీ చల్లారిపోయి అలాగే ఉన్నాయి. మహాదేవమ్మ ఆ గిన్నెలను ముందు పెట్టుకుని వంటింట్లో కూలబడిపోయింది. మామగారు పోయి ఆరు నెలలు. ఆనాటి నుంచి భర్త తిరుపాలరెడ్డి ఇంట్లో నోరు విప్పితే కసురు, మిల్లులో నోరు విప్పితే కేక. ఏం పాపం చేసిందని ఆమెకు ఈ శిక్ష? ఈ మనిషితో ఎన్నాళ్ళని వేగడం?

బద్వేలులో వాళ్ళది చెనక్కాయల మిల్లు. మిషను వేరుశనగ కాయలు కొట్టి పోస్తే నలభై మంది ఆడవాళ్ళు చేటల్లో పప్పు ఏరుతారు. మామగారు పెద్దరెడ్డి బతికి ఉన్నన్నాళ్ళూ రోజూ చేట చేటకూ వెళ్ళి, ఒక పలుకు నోట్లో వేసుకుని, "నీది బాగుండాదే" అనో, "కండ్లు యాడ పెట్టుకున్యావు" అనో అనేవాడు. తిట్టో మెప్పో, అందరికీ ఒక మాట! పెత్తనం చేతికి రాగానే కొడుకు అదంతా దండగ పని అని ఎత్తేశాడు. గుంపులుగా కూర్చునేవాళ్ళను వరుసల్లో కూర్చోబెట్టాడు. గంట పెట్టాడు, హాజరుపట్టీ పెట్టాడు. అంతే, మూటల్లో పుచ్చులూ రాళ్ళూ మొదలయ్యాయి. పంపిన సరుకు పంపినట్టే తిరిగి వస్తోంది. ఇదంతా తండ్రి నాటి మేస్త్రీ దాసన్న ఎగదోయడమేనని తిరుపాలరెడ్డి పట్టు. శనివారంతో దాసన్నకు ఉద్వాసన అన్నాడు. ఆయన పోతే మేమూ పోతామన్నారు ఆడవాళ్ళు. కొత్త కాయ వచ్చిపడే రోజులు... ఇప్పుడు మిల్లు మూతపడితే మళ్ళీ తెరిచేది ఉండదని మహాదేవమ్మకు తెలుసు.

శుక్రవారం పొద్దున ఎవరికీ చెప్పకుండా ఆమె మిల్లుకు వెళ్ళింది. ఆ ఇంటి కోడలు మిల్లులో అడుగుపెట్టడం అదే మొదలు! ఏరేవాళ్ళలో పెద్దదైన సోమక్క పక్కన చతికిలబడి చేట అందుకుంది.

"ఈ దుమ్ములో నీకేం పనమ్మా," అంది సోమక్క.

"ఏరనీలే. రాళ్ళెందుకు కలుపుతాండారో చూద్దామని వచ్చినా."

సోమక్క ముఖం ముడుచుకుంది. "మేం కలపడం లేదు తల్లీ. చేయి ఏరుతాండాది, మనసు ఏరడం లేదు. పొద్దుగూకేదాకా ఏరినా బాగుండాదనే దిక్కు లే, బాగలేదనే దిక్కు లే. పెద్దాయన మమ్మల్నిట్ల ఇడిచిపెట్టి పోయె. సచ్చిపోయినాయన మీద కోపమొస్తే యాడ తీర్చుకోవల్ల?"

మహాదేవమ్మ చేయి ఆగిపోయింది. అంతలో ఏరే కొట్టం గుమ్మం దగ్గర భర్త కేక వినిపించింది. అక్కడి నుంచే అరుస్తున్నాడు.

"లోపలికి రాడా?" అని అడిగింది.

"ఆర్నెల్లలో ఒక్కసారీ గడప దాటలేదమ్మా."

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే గదా! వీళ్ళు చేటల మీద చూపిస్తున్నారు. మరి ఆయన? ఇంటికి వచ్చిన క్యారియరు గుర్తొచ్చి ఆమె గుండె భగ్గుమంది. విసురుగా లేచి వెళ్ళి భర్త ఎదుట నిలబడింది.

"ఈడికెందుకొచ్చినావు? ఇంటికి పో."

"పోతాలే. ముందొక మాట ఇను. నువ్వు కొట్లాడేది దాసన్నతో కాదు, మీ నాయనతో. ఆయన లేడు గాబట్టి ఈయన దొరికినాడు. ఇంట్లో నేను దొరికినా."

నలభై చేటలూ ఆగిపోయాయి. కొడతాడేమోనని ఆమె కళ్ళు మూసుకుంది. అతను మాత్రం ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇరవై ఏండ్లు ఆయన కింద చేసినా," అన్నాడు. "వీళ్ళకు దినామూ ఒక మాట. నాకు... ఒక్కనాడన్నా బాగుండాదని అనలే. తిట్టను గూడా తిట్టలే. ఇప్పుడు వీళ్ళకు ఆ మాట నేను యాడనుంచి తెచ్చియ్యల్ల? నాకెవరిచ్చినారు?"

దాసన్న దగ్గరికి వచ్చాడు. ఇంకొకడైతే 'నీ గురించి మాతో ఎంత గొప్పగా చెప్పేవాడో' అని ఒక తీపి అబద్ధం ఆడి ఉండేవాడు. దాసన్నకు ఆ విద్య రాదు.

"మాతో గూడా అనలేదప్పా. నీ పేరెత్తితే మాట మార్చేటోడు. అది పెద్దాయన తప్పు. నీది గాదు, మాదీ గాదు."

శవం దగ్గర ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, దినాలు కాకముందే మిషను తిప్పించిన మనిషి... అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు! పైటకొంగుతో ముఖం తుడవాలని మహాదేవమ్మ చేయి లేచింది గానీ ఆగిపోయింది. ఆరు నెలలుగా తన ముఖం ఎవరు తుడిచారు?

"శనివారం దాటినాంక గూడా పనికి రా దాసన్నా," అన్నాడు తిరుపాలరెడ్డి కళ్ళు తుడుచుకుని.

"మేం ముందు మాదిరి గుంపుగా కూచుంటాం," అంది సోమక్క, ఇదే సందని.

"కూచోండి. గంట మాత్రం ఉంటాది."

"ఉండనీలేప్పా."

మళ్ళీ చేటలు కదిలాయి. తిరుపాలరెడ్డి భార్య వైపు తిరిగాడు. "నీ మీద అరిచినవన్నీ నీ మీద గాదు మహాదేవీ."

"తెలుసు," అంది ఆమె. "తెలిసినా, నొప్పి నాదే గదా."

అతను తల దించుకుని "అవును" అన్నాడు.