దిక్కుమింగి అడవిలో పైడి పరుగు

తెరలకోన రాజ్యం ఎక్కడుందని నన్నడగకండి పిల్లలూ. ఒకప్పుడు ఆ రాజ్యంలో పుట్టి పెరిగినవాళ్ళకే అది తెలియకుండా పోయింది.

అందుకు కారణం దిక్కుమింగి అనే భూతం. అది ఉత్తరపు అడవిలో దిగి, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణాలను నాలుగు ముద్దలు చేసుకుని మింగి కూర్చుంది. ఆనాటి నుంచి అడవిని తెల్లని మంచు కమ్మేసింది. కట్టెలకు వెళ్ళినవాళ్ళు ఇంటిదారి మరిచి, వెళ్ళిన చోటే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయారు. మంచు ఏడాదికేడాది పొలాల మీదికి కూడా జరగసాగింది. అంగడికి బయలుదేరిన పెద్దమనిషి పక్కవీధిలో ఎవరింటికో చేరి, తన ఇల్లే అనుకుని అన్నం తిని పడుకున్న సంగతులు కూడా జరిగాయి.

జయకేతు మహారాజు భూతంతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఏటా విజయదశమి నాడు రాజ్యం తరఫున ఒక్కరు అడవిలోకి వెళ్ళాలి. పూర్వం పాతిన నాలుగు హద్దురాళ్ళను వరసగా తాకి, నాలుగో రాయి దగ్గర భూతం అడిగే ప్రశ్నకు పొద్దు గుంకేలోగా జవాబు చెప్పాలి. చెప్పగలిగితే భూతం దిక్కులను కక్కేసి వెళ్ళిపోతుంది. పన్నెండేళ్ళలో ఎవరూ చెప్పలేకపోతే రాజ్యమంతా దానిదే. పదకొండేళ్ళలో పదకొండుమంది వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు. పదకొండోవాడు ఎర్రన్న, రాజుగారి జాబులు మోసే పరుగువాడు. అతనికి పైడి అనే పద్నాలుగేళ్ళ కూతురుంది.

పన్నెండో ఏడు వచ్చేసరికి సభలో ఎవరూ లేచి నిలబడలేదు. పైడి ఒక్కతే ముందుకొచ్చి, "నాను ఎల్తానండి మారాజా" అంది.

"అమ్మాయీ, అది నీ తండ్రిని పొట్టన పెట్టుకున్న అడవి" అన్నాడు రాజు.

"అందుకేనండి."

రాజు ఆమెను దగ్గరికి రమ్మని, "ఇంకా వారం రోజులుంది. అడవి అంచున సన్నెమ్మ అనే ముసలమ్మ ఉంది. ఆ అడవిని ఆమె అంతగా నడిచినవాళ్ళు లేరంటారు. వెళ్ళి నేర్చుకో" అన్నాడు.

సన్నెమ్మ ఎడమకాలు చిన్నప్పుడే విరిగి పొట్టిదైపోయింది. ఒక అడుగు చిన్నది, ఒక అడుగు పెద్దది వేసుకుంటూ, చేతికర్ర ఊపుకుంటూ వచ్చి పైడిని ఎగాదిగా చూసింది. "ఏదీ, ఆ ఏటిదాకా పరిగెత్తి రా" అంది.

పైడి సుడిగాలిలా వెళ్ళి సుడిగాలిలా వచ్చింది. ఊళ్ళో ఆమెను మించిన పరుగు లేదు. మెచ్చుకుంటుందేమోనని రొప్పుతూ నిలబడింది.

"ఏటికాడ కుడిపక్క ఏటుందే?" అని అడిగింది సన్నెమ్మ.

"సూడలేదు మామ్మా."

"మరెందుకే ఎల్లడం? నీ కాళ్ళెల్లొచ్చాయి. నువ్వెల్లలేదు."

పైడికి ఒళ్ళు మండిపోయింది.

రెండోరోజు పరుగే లేదు. ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. సన్నెమ్మ తన కుడివైపు రొంటిన కొన్ని చింతపిక్కలు పెట్టుకుంది. నూరడుగులు వేయగానే ఒక పిక్కను ఎడమవైపుకు మార్చేది. ఎడమవైపు ఎన్ని పిక్కలుంటే అన్ని నూర్లు నడిచినట్టు. ఆమె పిక్క మార్చేసరికి పైడి అడుగులు డెబ్భైయే అయ్యేవి. ఆపైన ముసలమ్మ అడుగుకు సరిపడేలా కాళ్ళు కుదించుకుని నడవడం పైడికి పెద్ద శిక్షలా ఉంది. మూడోరోజు తిన్నగా వెళ్ళడం నేర్పింది. ఎదురుగా కనిపించే ఒక చెట్టును గురిపెట్టుకోవాలి, దాన్ని చేరాక అదే వరసలో మరో చెట్టును చూసుకోవాలి. నాలుగోరోజు పరుగు పెట్టించింది. పరుగులో అయితే పైడికి పిక్కకు నలభై ఐదు అంగలే పట్టాయి. ఏ పని చేస్తున్నా ఉన్నట్టుండి కర్రతో కాలి మడమ మీద తట్టి, "ఒలే గుంటా, ఇప్పుడెక్కడున్నావే?" అని అడిగేది. "ఏటి దగ్గర" అంటే ఒప్పుకునేది కాదు. ఏటికి ఎన్ని అడుగుల దూరం, ఏ పక్కన, ముందేముంది, అన్నీ చెప్పాలి. ఐదోరోజంతా గుట్ట ఎక్కించి దింపించింది. ఆయాసం వచ్చాక అంగ కురచవుతుందనీ, పాత లెక్క పనికిరాదనీ పైడికి ఆరోజే తెలిసింది. సాయంత్రం తిన్నదంతా కక్కుకుంది.

ఆరోరోజు సన్నెమ్మ ఆమెను అడవి అంచు మంచులోకి ఒంటరిగా పంపింది. పైడి వేగంగా వెళ్ళి లెక్క మరిచింది. మరిచానని తెలియగానే భయంతో ఇంకా వేగంగా పరుగెత్తింది. చివరికి ఒక పుట్ట పక్కన కూలబడి ఏడుస్తుంటే సన్నెమ్మ కుంటుకుంటూ వచ్చింది.

"మా అయ్య కూడా ఇలాగే పరిగెత్తుంటాడు మామ్మా" అంది పైడి వెక్కుతూ.

ముసలమ్మ ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. "తప్పిపోయినప్పుడు అందరం ముందుకే పరిగెడతామే. అది భయం సేసే పని. నిలబడు. ఊపిరి తీసుకో. ఆకరికి ఏడ తెలుసునో ఆడికి ఎనక్కి రా. ఎనక్కి రావడానికి సిగ్గుపడకు" అంది.

ఏడోరోజు పని లేదు. పైడికి చోడి అంబలి పోసి, కాలి పిక్కలకు ఆముదం మర్దన చేస్తూ సన్నెమ్మ తన పాత కథ చెప్పింది. నలభై ఏళ్ళ కింద, ఇంకా భూతం రాని రోజుల్లో, ఆస్థాన భూమాపకుడు హద్దులు కొలవమంటే ఆమె చింతపిక్కలతో అడవంతా నడిచి, తాటాకు మీద గీతలు గీసి లెక్కలు చెప్పిందట. "కుంటిదాని అడుగు కూడా ఒక కొలతేనా అని నవ్వాడే. పటం ఆయనే కొలిసి గీసుకున్నాడంట. మూడు నెల్లు నడిసాను" అంది. ఆమె గొంతులో ఆ అవమానం ఇంకా పచ్చిగానే ఉంది.

విజయదశమి తెల్లవారింది. అడవి మొగదల ద్వారశిల దగ్గర రాజు పైడి చేతికి పట్టుబట్ట చుట్టిన తాటాకు పటం ఇచ్చాడు, భూమాపకుడు రాసిచ్చిన నకళ్ళలో మిగిలిన చివరిది. రాజముద్ర ఉన్న ఆ పటాన్ని అడవిలోకి వెళ్ళే మనిషి తప్ప ఎవరూ చూడకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. పటం అడుగున భూమాపకుడి పేరుంది. ద్వారశిల మీద చెక్కిన బాణం చూపినవైపు ఆరు వందల అడుగులు వెళితే మొదటి రాయి, దాని మీది బాణం వెంట తొమ్మిది వందలు వెళితే రెండోది, అక్కడి నుంచి ఏడు వందలకు మూడోది, ఆపైన పదకొండు వందల ఇరవైకి నాలుగోది అని రాసి ఉంది. పటం అంచు పొడవునా ఒక పొట్టి గీత, ఒక పొడుగు గీత, మళ్ళీ పొట్టిది, మళ్ళీ పొడుగుది గీసి ఉన్నాయి. చూసినవాళ్ళెవరైనా దాన్ని అలంకారం అనుకుంటారు.

ఆ రాజ్యంలో అడుగంటే నిలువెత్తు భటుడి అంగ. పైడి కూడా కాళ్ళు చాచి చాచి ఆరు పిక్కలు లెక్కపెట్టింది. రాయి లేదు. చుట్టూ నాలుగు బారల దూరం దాటితే తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఇంకొంచెం ముందుకు వెళ్ళి చూద్దామని కాళ్ళు లాగాయి. పదకొండుమందీ ఇక్కడే ముందుకు పరుగెత్తారని ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. ఆగింది. ఊపిరి తీసుకుంది. మంచులో తడిసిన గడ్డి మీద తన అడుగుజాడలు చూసుకుంటూ వెనక్కి, ద్వారశిల దాకా వచ్చింది.

అక్కడ కూర్చుని పటాన్ని మళ్ళీ చూసింది. పొట్టి గీత, పొడుగు గీత. పొట్టి, పొడుగు. వేలు వాటి మీద జరుపుతుంటే వారం రోజులుగా తన పక్కన నడిచిన మనిషి నడక చెవిలో వినిపించింది.

"ఓలమ్మో! ఇవి మామ్మ అడుగులు!" అని పైకే అరిచింది.

భూమాపకుడు అడవిలో కాలే పెట్టలేదు. సన్నెమ్మ లెక్కలను తీసుకుని కింద తన పేరు రాసుకున్నాడు. ఆమె గీసిచ్చిన గీతలెందుకో తెలియక వాటిని కూడా ముగ్గులాగా దించేశాడు. బలమైన పరుగువాళ్ళు పదకొండుమంది ఒక కుంటి మనిషి అడుగులను భటుడి అంగలతో కొలిచి, రాళ్ళను దాటిపోయి తప్పిపోయారు. పైడికి కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. కానీ కోప్పడుతూ కూర్చునే సమయం కాదు.

ఇప్పుడామె పరుగెత్తింది. నలభై ఐదు అంగలకు ఒక పిక్క. ఆరో పిక్క మారేసరికి నాచు పట్టిన మొదటి రాయి ఎదురుగా ఉంది.

రెండో రాయి దారిలో బంగారు కొమ్ముల కణితి దుప్పి ఒకటి అడ్డం వచ్చింది. "పిల్లా, నా వీపెక్కు. కన్నుమూసి తెరిచేలోగా నాలుగో రాయి దగ్గర దింపుతాను" అంది.

"నువ్వెన్ని అంగలేస్తావు?" అని అడిగింది పైడి.

"లెక్కలెందుకు? హాయిగా కళ్ళు మూసుకో."

"అయితే వద్దు మావా. దిగాక నానెక్కడున్నానో నాకు తెలీదు" అని పక్కకు తప్పుకుంది. కణితి ముక్కుతో ఫూమని ఊది మంచులో కలిసిపోయింది.

మూడో రాయి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి నేలంతా ఎత్తు. పైడి కాళ్ళు బరువెక్కాయి, అంగ కురచైంది. ఇక పరుగు లెక్కను నమ్మలేమని, ఎడమకాలు పొట్టిగా, కుడికాలు పొడుగ్గా వేస్తూ అచ్చం సన్నెమ్మలా కుంటడం మొదలుపెట్టింది. వారం రోజులు ఆమె పక్కన నడిచిన కాళ్ళు తప్పు చేయలేదు.

ఎనిమిదో పిక్క గుప్పిట్లోకి తీసుకుంటుండగా కుడివైపు నుంచి ఒక గొంతు వినిపించింది.

"పైడీ! నానే తల్లీ! ఇక్కడున్నాను!"

అది ఆమె తండ్రి గొంతు. మంచులో ఏమీ కనిపించలేదు. భూతం మాయో, నిజంగా తండ్రో తెలుసుకునే మార్గం లేదు. పది అడుగులు పక్కకు వేస్తే తెలిసిపోతుంది. కానీ ఆ పది అడుగుల తర్వాత తనెక్కడున్నదీ తనకే తెలియదు. పైడి పిక్కను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. కళ్ళు ధారలు కట్టాయి.

"అయ్యా, నువ్వే అయితే ఆడే ఉండు! కదలకు! నాను మళ్ళీ వస్తాను!" అని అరిచి, పొట్టి అడుగు, పొడుగు అడుగు వేసుకుంటూ ముందుకే వెళ్ళింది. ఆ గొంతు ఇంకా కొంతసేపు పిలిచింది. తర్వాత ఆగిపోయింది. పిల్లలూ, ఆమె పరుగెత్తిన దూరమంతా ఒక ఎత్తు, ఆ నాలుగడుగులు ఒక ఎత్తు.

పదకొండు పిక్కలు, ఆపైన ఇరవై అడుగులు. అక్కడ రాయి లేదు. కొండంత పొట్టతో దిక్కుమింగి బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"వచ్చావా పిల్లా! నా ప్రశ్న ఒక్కటే. నువ్వెక్కడున్నావు?" అంది.

"మూడో రాయికి పదకొండు వందల ఇరవై అడుగుల దూరంలో, నాలుగో రాయి ముందర" అంది పైడి.

భూతం పొట్ట ఊగేలా నవ్వింది. "రాయేదీ? కంటికి కనిపిస్తోందా? దారిలో ఎవరో పిలిస్తే లెక్క తప్పావు పాపం. ఇంకో రెండు వందల అడుగులు వెళ్ళి చూడు. పొద్దు కొంచెం ఉంది."

నిజంగానే లెక్క తప్పానా? పైడి గుప్పిట విప్పి చూసుకుంది. ఎనిమిదో పిక్క అరచేతిలో గుంట పడేలా అచ్చు వేసింది. ఎడమ రొంటిన మిగతా పది పిక్కలూ ఉన్నాయి. తప్పలేదు. ఇన్నాళ్ళూ ఎవరూ నమ్మని అడుగులను తనైనా నమ్మాలి అనుకుంది.

"నానెక్కడికీ ఎల్లను. మా మామ్మ లెక్క తప్పదు. రాయి ఇక్కడే ఉంది. నువ్వు దానిమీద కూర్చున్నావు. లే!"

భూతం నవ్వు ఆగిపోయింది. మూలుగుతూ, నడుం పట్టుకుని లేచింది. దాని కింద నాలుగో రాయి అణిగిపోయి ఉంది. పైడి వంగి దాన్ని తాకింది. వెంటనే భూతం నోరు తెరిచి ముందు తూర్పును, తర్వాత దక్షిణాన్ని, ఉత్తరాన్ని కక్కింది. పడమర గొంతుకు అడ్డం పడితే తన వీపు తనే చరుచుకుని దాన్నీ కక్కి, కొండల అవతలికి పారిపోయింది. మంచు విడిపోయింది. ఎర్రటి సూర్యుడు చెట్ల మధ్య ఇంకా ఉన్నాడు.

పైడి వెనక్కి పరుగెత్తింది. దారిలో, సరిగ్గా ఆ పిలుపు వినిపించిన చోట, ఎర్రన్న ఒక చెట్టును రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వేనా అయ్యా పిలిసింది?" అంది పైడి.

"నానే తల్లీ. నువ్వు కదలొద్దన్నావు. కదల్లేదు."

"నాను రాలేదయ్యా. నువ్వు పిలుస్తుంటే నాను రాలేదు."

"నువ్వొచ్చుంటే ఇద్దరం తిరుగుతూనే ఉందుమే" అని ఎర్రన్న కూతుర్ని దగ్గరికి తీసుకుని భోరున ఏడ్చాడు. తప్పిపోయినవాళ్ళందరూ ఒక్కొక్కరే చెట్ల మధ్య నుంచి కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చారు.

ద్వారశిల దగ్గర రాజు ఎదురొచ్చి, "ఏం కావాలో కోరుకో" అన్నాడు. పైడి పటం విప్పి జరిగినదంతా చెప్పింది. రాజు తలవంచుకున్నాడు. తన మొలలోని బాకుతో భూమాపకుడి పేరును స్వయంగా గీకేసి, ఆ చోట సన్నెమ్మ పేరు రాశాడు. అక్కడే కర్ర పట్టుకుని నిలబడ్డ సన్నెమ్మకు దానిమీద ఏముందో పైడి చదివి వినిపిస్తే, ఆమె చాలాసేపు ఆ తాటాకును తడుముతూ ఉండిపోయింది. తర్వాత, "నా నడక నడిసావటే?" అని ఒక్క మాట అడిగి, పైడి భుజం మీద చెయ్యి వేసి ఇంటిదారి పట్టింది.

ఏళ్ళు గడిచాక పైడి ఆ రాజ్యపు పరుగువాళ్ళందరికీ నాయకురాలైంది. తెరలకోనలో ఇప్పటికీ పొలం కొలవాలన్నా, బాట వేయాలన్నా అందరూ ఒక అడుగు పొట్టిగా, ఒక అడుగు పొడుగ్గా కుంటుతూ లెక్కపెడతారు. పొరుగుదేశం వాళ్ళు చూసి పాపం వీళ్ళందరికీ కాళ్ళు బాగోలేవు కాబోలు అనుకుంటారు. తెరలకోన వాళ్ళు మాత్రం ఆ మాటకేమీ అనుకోకుండా, నూరో అడుగుకు ఒక పిక్క మార్చుకుని, తమ దారిన తాము ఇంటికి చేరుకుంటారు.