క్రౌను మార్చిన రోజు

"నాకు ముద్ద దిగదు ఇంద్రాణీ! నా చిన్నకొడుకు యాడ తింటాండాడో, ఏం తింటాండాడో... నా ముందర కంచం పెట్టొద్దు!"

నాగలక్ష్మమ్మ సంగటి కంచాన్ని తోసేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తోపుకి పప్పు నేలంతా ఒలికింది. పక్కనే తింటున్న పెద్దకొడుకు విష్ణువర్ధన్ మాత్రం తల ఎత్తలేదు. తల్లి ఏడుపు తన చెవిన పడనట్టే ముద్ద మీద ముద్ద మింగుతున్నాడు. ఈ ఇంటి కోడలిగా వచ్చిన నాటి నుంచి మొగుడి ముందు గొంతు పెంచి ఎరగని ఇంద్రాణి, ఆ పూట ఉండబట్టలేక అనేసింది.

"ఎల్లుండి చెరువులో పందెం పెట్టుకొని ఇంత చల్లగా ఎట్ల తింటాండారండీ? ప్రవీణ్ అడిగిన క్రౌను వేసేయండి, వాడు ఇంటికొస్తాడు! ఒక్క ఇనుప చక్రం కోసం తోడబుట్టినోణ్ని వదులుకుంటారా? మీకు మనసనేది ఉండాదా అసలు?"

విష్ణువర్ధన్ సగం కూడు ఉండగానే కంచంలో చెయ్యి కడిగేశాడు! "ఆ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దని చెప్పినా కదా!" అంటూ లేచి, విసవిసా వాకిలి దాటి కారు షెడ్డులోకి పోయాడు. అత్త ఒక మూల, మొగుడు ఒక మూల, మధ్యలో ఒలికిన పప్పు. ఇంద్రాణి గుడ్డ తెచ్చి నేల తుడుస్తుంటే కన్నీళ్లు కూడా అందులోనే పడ్డాయి.

కారు చక్రానికీ సంసారానికీ ఏం సంబంధమమ్మా అని ఎవరైనా ముక్కున వేలేసుకోవచ్చు. ఆ ఇంట్లో అన్నదమ్ముల్ని విడదీసింది మాత్రం అచ్చంగా అదే!

విడపనకల్లు దాటాక వచ్చే ఆ ఊరికి వాన మొహం చాటేసి ఏళ్లయింది. ఆ రెండువేల మూడు వేసవికి కూడా చెరువులో చుక్క నీరు లేదు. నెర్రెలిచ్చిన ఆ నేల చూసి రైతులు ఏడుస్తుంటే, బళ్లారి నుంచి వచ్చే కార్ల పందేలవాళ్లు మాత్రం ఎగిరి గంతేశారు. ఆటోక్రాస్ అంటారు దాన్ని. ఖాళీ నేల మీద సున్నం గీతలు గీసి, మలుపు మలుపుకీ పాత టైర్లు పేర్చి, ఒక్కొక్క కారునీ విడిగా వదులుతారు. తక్కువ సమయంలో తిరిగొచ్చినవాడిది గెలుపు. ఏటా ఎండాకాలం ఆ చెరువులో ఇదే సంబరం.

అన్నదమ్ములిద్దరూ పాత ఫియెట్ ఇంజనుతో, ఇద్దరే పట్టే ఎర్ర స్పోర్ట్స్ కారొకటి తయారుచేసుకున్నారు. బండి కట్టేది అన్న, తోలేది తమ్ముడు. ఆ కారు వెనక ఇరుసు మధ్యలో, గుండ్రటి ఇనుప గుల్లలో, క్రౌను, పినియను అనే పళ్లచక్రాల జత ఉంటుంది. ఇంజను షాఫ్టు నాలుగుసార్లు తిరిగితే బండి చక్రం ఒకసారి తిరిగేది ఒక జత. అయిదుసార్లు తిరిగితే గానీ తిరగనిది ఇంకో జత. ఇంట్లో వాటి పేర్లు నాలుగు క్రౌను, అయిదు క్రౌను. నాలుగు క్రౌను వేస్తే బండి మెల్లగా అందుకుంటుంది గానీ, పొడుగు దారి దొరికిందంటే ఆగదు. అయిదు క్రౌనుకి అంత పరుగు లేదు. మలుపు తిరిగీ తిరగ్గానే మాత్రం ఎగిరి దూకుతుంది. వాళ్లిద్దరికీ వడ్డిస్తూ వడ్డిస్తూ ఇంద్రాణి ఇదంతా నేర్చేసుకుంది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే తీరిక ఆ మహానుభావులకి ఎప్పుడూ లేదు. ఎంతసేపూ క్రౌను, క్రౌను!

ఆ మురిపెం చూసి ఎవరి కళ్లు కుట్టాయో... ఒక పందెంలో అయిదు క్రౌనుతో దూకిన కారు మలుపులో బోర్లపడింది. ప్రవీణ్‌కి భుజం ఎముక విరిగింది. అది అతుక్కునేదాకా ఇంద్రాణే వాడికి ముద్దలు కలిపి పెట్టింది. తాను పెళ్లై వచ్చేనాటికి పదో తరగతి చదువుతున్న మరిది వాడు! బిడ్డలు కలగని ఆమెకు బిడ్డయినా వాడే... ఆ మరుసటి ఏడు పందెంనాటికి విష్ణువర్ధన్ ఎవరికీ చెప్పకుండా క్రౌను మార్చి నాలుగు వేసేశాడు. ప్రవీణ్ ఆఖరున వచ్చాడు. ఊరంతా పకపకా నవ్వింది. ఆ సాయంత్రమే ఇంట్లో పెద్ద రభస జరిగింది, వాడు రాయదుర్గం వెళ్లి జీన్స్ కుట్టే యూనిట్లో చేరిపోయాడు. రెండేళ్లుగా ఈ గడప తొక్కలేదు.

పోయిన వారం ఇంద్రాణి పూర్ణం పెట్టి చేసిన ఓళిగలు మూట కట్టుకొని వాడి దగ్గరికి వెళ్లింది. మిషన్ల హోరులోంచి బయటికొచ్చిన మరిదిని చూసి ఆమె గుండె తరుక్కుపోయింది. వేళ్లనిండా నీలం రంగు, పీక్కుపోయిన మొహం!

"ఇంటికి రా నాయనా... అత్త నీ కోసరం కండ్లు కాయలు కాసేటట్ల చూస్తాండాది."

"రాను వదినా. బండి బోర్లపడింది నా తప్పే, కాదనను. కానీ అన్న నాతో ఒక్క మాటన్నా చెప్పకుండా క్రౌను మార్చినాడే! గీత కాడికి పోయి బండి ఎత్తేదాకా నాకు తెలీదు. అడిగితే ఏమన్నాడు? చెరువు పెద్దది, పొడుగ్గా ఉరికేదే కావల్లంట! ఆ మలుపుల్లో పొడుగు యాడుంది వదినా? అన్నకు ఆమాత్రం తెలీదా? నా చేతి మీద నమ్మకం పోయింది, అంతే!"

"కోపం పెద్దోళ్ల మీద ఇన్నేండ్లు పెట్టుకుంటారా?"

"కోపం కాదొదినా... బాధ." వాడు ఓళిగల మూట అందుకున్నాడు. "అయిదు క్రౌను వేసిన దినం నాకు కబురు చెయ్యి. గుడ్డ మిషన్ మీదనే వదిలేసి వస్తా."

బస్సు కదిలి మలుపు తిరిగేదాకా వాడు ఓళిగల మూట గుండెకు పట్టుకొని అక్కడే నిలబడ్డాడు. ఆ రూపమే ఇంద్రాణి కళ్లలో ఉండిపోయింది. పొయ్యి ముందు కూర్చున్నా అదే, నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె పెట్టి నిలుచున్నా అదే.

నేల తుడవడం ముగించి ఆమె షెడ్డులోకి వెళ్లింది. విష్ణువర్ధన్ గోనెసంచి మీద చతికిలబడి, ఒళ్లో ఏదో పెట్టుకొని గుడ్డతో తుడుస్తున్నాడు. అయిదు క్రౌను! రెండేళ్లుగా మూల పడి ఉండాల్సిన చక్రానికి ఒక్క మచ్చ తుప్పు లేదు. పన్ను పన్నుకీ గ్రీసు పూసి ఉంది.

"వెయ్యడానికి ఇష్టం లేని దాన్ని ఇంత పదిలంగా దాస్తారా ఎవరైనా?" ఇంద్రాణి నెమ్మదిగా అడిగింది. "నిజం చెప్పండి... ఏం జరిగింది?"

"నన్నడగొద్దు ఇంద్రాణీ! నేను చెప్పగూడదు!" ఆ మొండిమనిషి కళ్లలో నీళ్లు!

"నేను చెప్తా!"

షెడ్డు వాకిట్లో నాగలక్ష్మమ్మ తలుపు పట్టుకొని నిలబడి ఉంది.

"వాణ్ని నెత్తురుతో ఇంటికి మోసుకొచ్చిన దినం, వీని చెయ్యి నా నెత్తిన పెట్టుకొని ఒట్టు వేయించుకున్నానే తల్లీ! ఆ దూకే క్రౌను నా బిడ్డ బండికి మళ్లీ వెయ్యకూడదని... వేసినా, నేను చెప్పినానని బయట పెట్టినా, నా సావు చూస్తావని! నా మాటని తెలిస్తే వాడు లెక్కచేయడు, ఇంకొకరి బండెక్కి పోతాడని నా భయం. వాడు ఎన్ని తిట్టినా, ఊరు నవ్వినా, నువ్వు ఇందాక మనసు లేదన్నా... వీడు నోరు తెరవలేదే!"

ఇంద్రాణి మొగుడి పక్కన నేల మీద కూర్చుంది. ఎంత మాట అనేసింది తను! బండి విద్య తెలిసిన మనిషి, కావాలనే తప్పు క్రౌను వేసి, ఊరి ముందు తెలివితక్కువవాడయ్యాడు. తల్లి భయాన్నీ తమ్ముడి ప్రాణాన్నీ కాపాడుకుంటూ, ఆ తమ్ముడికే పగవాడయ్యాడు. ఇన్నాళ్లూ ఒంటరిగా ఈ షెడ్డులో కూర్చొని, ఆ చక్రాన్ని తుడుచుకుంటూ... ఆమె అతని గ్రీసు చేతుల్ని తన చెంపలకు ఆనించుకొని వెక్కి వెక్కి ఏడ్చింది.

నాగలక్ష్మమ్మ వచ్చి, కొడుకు కుడిచెయ్యి తీసి మళ్లీ తన నెత్తిన పెట్టుకుంది.

"నా ఒట్టు తీసి గట్టున పెడ్తాండా నాయనా! వాడు బతికుంటే సాలనుకుంటి. ఇంటికి రాని బిడ్డ యాడ బతికున్నా ఈ కడుపు సల్లబడదని ఇప్పుడు తెలిసింది. తప్పు నాది. వెయ్యి... ఆ క్రౌనే వెయ్యి!"

ఆ మరుసటి రోజంతా షెడ్డులోనే గడిచింది. క్రౌను పళ్లూ పినియను పళ్లూ సరిగ్గా కూర్చునేదాకా విష్ణువర్ధన్ ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు బిగించాడో! ఇంద్రాణి ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి రాయదుర్గానికి ఫోన్ చేసింది. "క్రౌను మారిందని చెప్పండి, వానికి తెలుస్తాది" అంది. అవతల ఎవరో "పని మీదుండాడమ్మా, చెప్తాంలే" అని పెట్టేశారు. చెప్పారో లేదో దేవుడికే ఎరుక. ఆ సాయంత్రం వచ్చిన ప్రతి బస్సు దగ్గరా ఆమె నిలబడింది. ప్రవీణ్ రాలేదు.

పందెంనాడు చెరువుకట్ట మీద జనం కిటకిటలాడుతున్నారు. డ్రైవరు పేరేమిటని పందేలవాళ్లు అడిగితే, "కొంచెం ఆగి చెప్తా" అన్నాడు విష్ణువర్ధన్. అతని కళ్లు కట్ట మీదే ఉన్నాయి. పందేనికి ముందు దారి చూసుకోవడానికి ఒక చుట్టు వదులుతారు. తమ్ముడు ఇంకా రాకపోయేసరికి తనే ఎక్కాడు. పాపం, తోలడం అతని విద్య కాదు. మొదటి మలుపు దాటగానే కారు దూకింది, అతను బెదిరి కాలు తీసేశాడు. మళ్లీ దూకింది, మళ్లీ తీసేశాడు. జనం నవ్వసాగారు.

"కాలెత్తకు అన్నా! రెండో గేరులోనే ఉండు, తొక్కు!"

కట్ట మీంచి వచ్చిన ఆ కేక విని ఇంద్రాణి గిర్రున తిరిగింది. ప్రవీణ్! నీలం రంగు వేళ్లు నోటి చుట్టూ దొప్పలా పెట్టుకొని అరుస్తున్నాడు. ఉండబట్టలేక అరిచేశాడు, అరిచాక తనే బిత్తరపోయాడు.

నాగలక్ష్మమ్మ పడుతూ లేస్తూ వెళ్లి వాణ్ని చుట్టేసుకుంది. "నీ అన్నకు నమ్మకం ల్యాక కాదురా... నేను ఒట్టు వేయించుకున్నా! నీకు చెప్పొద్దని నోరు కట్టేసినా!" అంటూ ఆ జనంలోనే అంతా చెప్పేసింది. వాడి మొహం తెల్లబోయింది. "అన్న ఇన్నాళ్లూ... నేనన్ని మాటలంటే..." అంటూ కట్ట దిగి పరుగెత్తాడు.

విష్ణువర్ధన్ కారు దిగి నిలబడ్డాడు. ప్రవీణ్ కాళ్ల మీదికి వంగబోతే రెండు భుజాలూ పట్టి లేపాడు. ఒకప్పుడు ఎముక విరిగిన చోట చెయ్యి ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగింది. పేరేమిటని పందేలవాళ్లు మళ్లీ కేకేస్తే, "ప్రవీణ్!" అని చెరువంతా వినబడేలా చెప్పాడు అన్న. తన హెల్మెట్ తీసి తమ్ముడి తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ తనే బిగించాడు.

"నిదానం..." అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపి, "వద్దులే. నీ బండి నీకు తెలుసు. పో!" అన్నాడు.

కట్ట మీద నాగలక్ష్మమ్మ రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. ఇంజను ఒక్కసారిగా గర్జించింది. ఆమె గోళ్లు కోడలి చేతిలో దిగబడ్డాయి.

"మలుపు తిరుక్కున్నాడా ఇంద్రాణీ?"

"తిరుక్కున్నాడత్తా..."

"ఇప్పుడు?"

"రెండోది కూడా దాటినాడత్తా! మీరు భయపడొద్దు, నేను చెప్తాండా కదా..."

"వద్దు. నువ్వు చెప్పొద్దు." ఆ తల్లి కోడలి చెయ్యి వదిలి, కళ్లు తెరిచింది. "రెండేండ్లయింది వాడు బండి తోలేది చూసి. నేనే చూసుకుంటా."